బెట్స్‌ను బోస్టన్ వదులుకున్న తీరు: తప్పు 2020 ఫిబ్రవరిలో జరిగిందా, అంతకు ముందే జరిగిందా?

చార్లెస్‌తీరం:
అందరికీ నమస్కారం. 2025 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ (ఏటా ఛాంపియన్‌ను తేల్చే చివరి సిరీస్) ఏడో మ్యాచ్‌లో చివరి బంతిని మీలో చాలామంది చూసే ఉంటారు. టొరంటోలో 11వ ఇన్నింగ్స్ నడుస్తోంది, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఒక్క పరుగు ఆధిక్యంలో ఉంది, మూడో బేస్ మీద (పరుగు కోసం చుట్టి రావలసిన నాలుగు మజిలీల్లో మూడోదాని మీద) టొరంటో ఆటగాడు కాచుకుని ఉన్నాడు. అలెహాండ్రో కర్క్ బ్యాటు విరిగి బంతి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాచే ఫీల్డర్) వైపు దొర్లుకుంటూ వచ్చింది. మూకీ బెట్స్ దాన్ని అందుకుని, తానే రెండో బేస్ తొక్కి, మొదటి బేస్ దగ్గరున్న ఫ్రెడీ ఫ్రీమన్‌కు విసిరాడు. ఒకే బంతికి ఇద్దరు అవుటయ్యారు, సిరీస్ ముగిసింది. బెట్స్‌కు అది నాలుగో ఛాంపియన్‌షిప్. వాటిలో మొదటిది మాత్రమే మా బోస్టన్ రెడ్‌సాక్స్ చొక్కాతో గెలిచింది, మిగిలిన మూడూ మేము అతన్ని పంపించేసిన తరువాత గెలిచినవి.

నేను మసాచుసెట్స్‌కు వచ్చి చాలా ఏళ్ళయింది. గుంటూరులో క్రికెట్ తప్ప మరో ఆట ఎరగకుండా పెరిగిన నాకు బేస్‌బాల్ మీద ప్రేమ కలిగించిన ఆటగాడు బెట్స్. 2018 జులై 12 రాత్రి మా జట్టు మైదానం ఫెన్వే పార్కులో టొరంటోతో మ్యాచ్. నాలుగో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా పిచ్చర్ (బంతి విసిరేవాడు) జె.ఎ.హాప్‌ను బెట్స్ ఎదుర్కొన్నాడు. ఒక బంతి తరువాత ఒకటి పక్కకు కొడుతూ, అవుట్ కాకుండా, అనుకూలమైన బంతి కోసం ఓపిక పట్టాడు. మేమంతా ఎప్పుడు లేచి నిలబడ్డామో కూడా గుర్తులేదు. పదమూడో బంతిని ఎడమవైపు ఎత్తైన గోడ అవతలికి కొట్టి, మొదటి బేస్ వైపు పరుగెడుతూ తన జట్టు కూర్చున్న వైపు తిరిగి గట్టిగా అరిచాడు. క్రికెట్‌లో ఒక్క ఓవరు ఎంత ఉత్కంఠగా సాగగలదో తెలిసిన నాకు, ఒక్క బ్యాటర్, ఒక్క పిచ్చర్ మధ్య ఇంత పోరాటం ఉంటుందని ఆ రాత్రే అర్థమైంది.

ఆ ఏడాది అతను 0.346 బ్యాటింగ్ సగటుతో (వెయ్యి అవకాశాలకు 346 హిట్‌ల లెక్కన) లీగులో అందరికంటే ముందు నిలిచి, 32 హోమ్ రన్‌లు (బంతిని గోడ దాటించే షాట్లు) కొట్టి, 30 బేస్‌లు దొంగిలించి (బ్యాటర్ బంతిని కొట్టకుండానే తరువాతి బేస్‌కు పరుగెత్తి చేరి), అమెరికన్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. జట్టు 108 మ్యాచ్‌లు గెలిచి, వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్‌నే ఓడించింది. అప్పటికి అతని వయసు 26. మరో పదహారు నెలలు తిరగకుండానే, 2020 ఫిబ్రవరి 10న, అతను అదే డాడ్జర్స్‌కు వెళ్ళిపోయాడు. బదులుగా మాకు వచ్చిన ముగ్గురు అలెక్స్ వెర్డూగో, జీటర్ డౌన్స్, కానర్ వాంగ్.

కోపతాపాలు చల్లారాక, ఇన్నేళ్ళ తరువాత ఒక్క ప్రశ్న అడగదలచుకున్నాను. ఈ తప్పు ఆ ఫిబ్రవరిలో జరిగిందా, లేక అప్పటికే జరిగిపోయిన తప్పుకు అది ఫలితం మాత్రమేనా?

లెక్కలమాస్టారు:
చార్లెస్‌తీరం గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది గానీ, ఆ రోజు జట్టు యాజమాన్యం కుర్చీలో కూర్చుని చూస్తే దారులు ఎక్కువ లేవు. కొత్తగా ఈ ఆట చూస్తున్నవారి కోసం ముందు పద్ధతి చెబుతాను. మేజర్ లీగుల్లోకి వచ్చిన ఆటగాడు ఆరేళ్ళ సేవాకాలం పూర్తయ్యేదాకా ఆ జట్టుకే కట్టుబడి ఉండాలి. మొదటి మూడేళ్ళు దాదాపు కనీస జీతం. తరువాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్, అంటే జీతం ఎంతో తేలకపోతే మధ్యవర్తులు తేల్చే పద్ధతి. ఆ తరువాతే అతను ఫ్రీ ఏజెంట్, ఇష్టమైన జట్టుతో ఒప్పందం చేసుకోవచ్చు. బెట్స్ 2014 జూన్‌లో వచ్చాడు గనుక 2020 సీజన్ ముగియగానే అతనికి స్వేచ్ఛ. ఆ చివరి ఏడాదికి 2.7 కోట్ల డాలర్ల జీతానికి ఒప్పందం కుదిరింది. ఆర్బిట్రేషన్ దశలో ఉన్న ఆటగాళ్ళలో అప్పటిదాకా అదే అత్యధికం.

దీర్ఘకాలిక ఒప్పందం కోసం జట్టు ప్రయత్నించలేదని అనడం సరికాదు. అప్పట్లో వార్తల్లో వచ్చిన ప్రకారం జట్టు పదేళ్ళకు 30 కోట్ల డాలర్లు ఇస్తామంది, బెట్స్ పక్షం పన్నెండేళ్ళకు 42 కోట్లు అడిగింది. తన విలువను బహిరంగ విపణిలోనే తెలుసుకుంటానని అతను మొదటినుంచీ దాపరికం లేకుండా చెబుతూనే ఉన్నాడు. అది అతని హక్కు, అందులో తప్పు పట్టవలసింది లేదు.

రెండో సంగతి లగ్జరీ పన్ను. జట్టు జీతాల మొత్తం ఒక హద్దు దాటితే, దాటిన మేరకు పన్ను కట్టాలి. మొదటి ఏడాది 20 శాతం, వరుసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. ఒక్క ఏడాది హద్దు కిందికి దిగితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. రెడ్‌సాక్స్ 2018లో దాదాపు 1.2 కోట్ల డాలర్లు, 2019లో దాదాపు 1.3 కోట్లు కట్టింది. 2020లో హద్దు 20.8 కోట్లు. పన్ను కట్టే జట్టు నుంచి ఫ్రీ ఏజెంట్ వెళ్ళిపోతే పరిహారంగా దక్కే డ్రాఫ్ట్ అవకాశం (కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునేటప్పుడు వచ్చే వంతు) కూడా నాలుగో రౌండు తరువాతకు జారిపోతుంది. అంటే బెట్స్‌ను ఉంచుకుని, పన్ను కట్టి, చివరికి అతను వెళ్ళిపోతే జట్టుకు మిగిలేది దాదాపు శూన్యం. కింది స్థాయి జట్లలో ఎదుగుతున్న మంచి కుర్రాళ్ళు కూడా లేరు. క్రిస్ సేల్, క్రెయిగ్ కింబ్రెల్ వంటి పిచ్చర్లను తెచ్చుకోవడానికి ఆ సంపదను ముందే ఖర్చుపెట్టేశారు. 2019 అక్టోబరులో టాంపా బే నుంచి వచ్చిన కొత్త నిర్వాహకుడు ఛైమ్ బ్లూమ్ చేతికి అందినది ఆ స్థితిలో ఉన్న జట్టు.

పచ్చగోడ:
మాస్టారు గారి లెక్క తప్పని నేననను. కానీ ఆ లెక్క చిన్న ఊరి జట్టుకు వర్తిస్తుంది. ఇది ఫెన్వేలో టికెట్ల ధరలు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న జట్లలో ఒకటి. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు కూడా వీరిదే. ఏడాదికి కోటి, రెండు కోట్ల డాలర్ల పన్ను ఈ యాజమాన్యాన్ని కుంగదీసే ఖర్చు కాదు. టికెట్ కొన్న మేము ఆ డబ్బు ఇచ్చింది బెట్స్ వంటి ఆటగాడిని చూడడానికి. సొంత పొలంలో విత్తి, నీరు పోసి, పంట చేతికొచ్చాక పక్క రైతుకు అప్పగించినట్టయింది.

బెట్స్ కాచిన రైట్ ఫీల్డ్ (మైదానం కుడివైపు చివరి భాగం) సంగతి కూడా చెప్పాలి. ఫెన్వేలో కుడివైపు మూల స్తంభం 302 అడుగుల దూరంలోనే ఉంటుంది, అక్కడినుంచి గోడ వంపు తిరిగి ఒక్కసారిగా 380 అడుగుల దాకా వెనక్కు పోతుంది. బంతి ఆ వంపులో ఎటు తిరుగుతుందో తెలియక ఇతర జట్ల ఫీల్డర్లు తికమకపడతారు. బెట్స్‌కు ఆ మూల తన పెరడంత పరిచయం. 2016 నుంచి 2019 దాకా వరుసగా నాలుగేళ్ళు గోల్డ్ గ్లవ్ (ఉత్తమ ఫీల్డర్ పురస్కారం) అందుకున్నది ఆ మైదానంలో ఆడే.

చార్లెస్‌తీరం:
మాస్టారు గారూ, పద్ధతిని ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. మీరు చెప్పనిది ఒకటుంది, నా దృష్టిలో అసలు గాయం అక్కడే ఉంది. ఆ ఫిబ్రవరిలో బెట్స్ ఒంటరిగా వెళ్ళలేదు. అతనితోపాటు పిచ్చర్ డేవిడ్ ప్రైస్ కూడా వెళ్ళాడు. ప్రైస్‌కు మూడేళ్ళలో ఇంకా 9.6 కోట్ల డాలర్లు ఇవ్వవలసి ఉండగా, అందులో సగం, 4.8 కోట్ల భారం డాడ్జర్స్ తలకెత్తుకుంది.

దీని అర్థం ఏమిటో చూడండి. వయసు మీదపడుతున్న, ఒప్పందానికి తగ్గ ఆట ఇక ఆడలేడనిపించిన పిచ్చర్ జీతాన్ని మరొకరు మోయాలంటే వారికి ఏదో ఒకటి ఇవ్వాలి. జట్టు ఇచ్చింది బెట్స్ విలువలో ఒక భాగాన్ని. అంటే ఆటలోనే అత్యుత్తమ ఆటగాళ్ళలో ఒకడికి రావలసిన ప్రతిఫలాన్ని తగ్గించుకుని, ఆ తగ్గించుకున్న మేరకు తమ పాత అప్పు తీర్చుకున్నారు. బంగారం అమ్మి భూమి కొంటే ఒక మాట, బంగారం అమ్మి పాత బాకీకి వడ్డీ కడితే మరో మాట. ఒక్క ఏడాదే మిగిలిన ఆటగాడికి ఎవరూ తమ అత్యుత్తమ కుర్రాళ్ళను ఇవ్వరన్నది నిజమే, అయినా బెట్స్‌ను విడిగా పంపి ఉంటే ఇంతకంటే బలమైన బేరమే కుదిరేదని నా నమ్మకం.

మొదటి బేరం ఫిబ్రవరి 4న కుదిరింది, అది మూడు జట్ల మధ్య. మిన్నెసోటా నుంచి బ్రూస్‌డార్ గ్రాటెరాల్ అనే వేగవంతమైన కుర్ర పిచ్చర్ బోస్టన్‌కు రావాలి. అతని వైద్య నివేదికలు చూసి మావాళ్ళు సందేహించారు, ఐదారు రోజులు అంతా అయోమయం, చివరికి గ్రాటెరాల్ కూడా డాడ్జర్స్‌కే వెళ్ళాడు. 2020లో, 2024లో గెలిచిన డాడ్జర్స్ జట్లలో అతను కూడా ఉన్నాడు. ఆ ఐదారు రోజులూ పొద్దున లేవగానే ఫోన్ చూసుకుని, బేరం పూర్తిగా చెడిపోయి ఉంటే బాగుండునని మొక్కుకున్నవారిలో నేనొకణ్ణి.

పసిఫిక్‌వైపు:
నేను లాస్ ఏంజెలెస్ దగ్గర ఉంటాను, మొదటినుంచీ డాడ్జర్స్ అభిమానిని. మీ గాయం మీద ఉప్పు చల్లాలని కాదు, అవతలి ఒడ్డు నుంచి ఈ విషయం ఎలా కనిపించిందో చెప్పాలని రాస్తున్నాను.

మా జట్టు అప్పటికి 1988 తరువాత ఛాంపియన్ కాలేదు. 2017లో, 2018లో వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళి ఓడింది. 2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్ టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో. టాంపా బే పిచ్చర్ బ్లేక్ స్నెల్ అప్పటికి తొమ్మిది మందిని స్ట్రయికౌట్ చేశాడు (బంతిని ఆడనివ్వకుండానే అవుట్ చేశాడు), మావాళ్ళు అతన్ని ముట్టుకోలేకపోతున్నారు. ఆరో ఇన్నింగ్స్‌లో ఆస్టిన్ బార్న్స్ ఒక హిట్‌తో మొదటి బేస్ చేరాడు, తరువాత వంతు బెట్స్‌ది. అంతే, టాంపా బే మేనేజర్ కెవిన్ క్యాష్ 73 బంతులే వేసిన స్నెల్‌ను తీసేశాడు. కొత్తగా వచ్చిన నిక్ ఆండర్సన్ బంతిని బెట్స్ ఎడమ గీత వెంట కొట్టి రెండో బేస్ చేరాడు. తరువాత ఒక బంతి క్యాచర్‌ను (క్రికెట్ కీపర్ లాంటివాణ్ణి) దాటిపోయింది, బార్న్స్ పరుగు పూర్తి చేశాడు, బెట్స్ మూడో బేస్‌కు వచ్చాడు. అప్పుడు కోరీ సీగర్ బంతిని నేల వెంట మొదటి బేస్‌మన్ వైపు కొట్టాడు. మామూలుగా అయితే మూడో బేస్ మీదివాడు అక్కడే ఆగుతాడు. బెట్స్ బ్యాటుకు బంతి తగిలిన శబ్దంతోనే కదిలాడు. విసిరిన బంతి హోమ్ ప్లేట్ (పరుగు పూర్తయ్యే చోటు) చేరేలోపు అతను తలముందుగా దూకి ప్లేట్ తాకేశాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక హోమ్ రన్ కూడా కొట్టాడు. 3-1తో గెలిచాం. ముప్పై రెండేళ్ళ నిరీక్షణ అలా తీరింది. ఒక్క ఏడాది మాత్రమే ఉన్నా సరే అనుకుని తెచ్చుకున్న ఆటగాడు చేసిన పని అది.

నిజానికి అతను ఒక్క ఏడాదికి పరిమితం కాలేదు. సీజన్ మొదలవడానికి ఒక్క రోజు ముందు, 2020 జులై 22న, 2032 దాకా ఉండేటట్టు పన్నెండేళ్ళకు 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అందులో 11.5 కోట్లు ఒప్పందం ముగిశాక ఏళ్ళ తరబడి వాయిదాల్లో చెల్లించేవి. ఈనాటి విలువకు కుదించి చూస్తే, మీ జట్టు ఇస్తామన్నదానికీ అతను తీసుకున్నదానికీ మధ్య దూరం పైకి కనిపించేంత లేదు. ఇది నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది.

లెక్కలమాస్టారు:
పసిఫిక్‌వైపు గారు చెప్పిన వాయిదాల సంగతి ముఖ్యమైనదే. అయితే ఆ జులై ఎలాంటి జులైయో మరువకూడదు. మహమ్మారి వల్ల ప్రేక్షకులు లేని మైదానాలు, టికెట్ ఆదాయం లేని జట్లు, రాబోయే శీతాకాలంలో ఎవరు ఎంత ఇస్తారో తెలియని స్థితి. స్వేచ్ఛా విపణికి వెళ్తానని పట్టుబట్టిన మనిషి మనసు మార్చుకోవడానికి అది పెద్ద కారణమై ఉండవచ్చు. ఫిబ్రవరిలో బ్లూమ్‌కు జులై సంగతి తెలిసే అవకాశం లేదు.

చార్లెస్‌తీరం:
ఒప్పుకుంటాను. కానీ అదే జులైలో బెట్స్ బోస్టన్‌లో ఉండి ఉంటే, అదే అనిశ్చితి అతన్ని బోస్టన్ ఒప్పందం వైపు కూడా నడిపించి ఉండేది కదా?

కృష్ణవేణి_హైద్:
నేను హైదరాబాదు నుంచి రాస్తున్నాను, తెల్లవారుజామున బేస్‌బాల్ చూసే కొద్దిమందిలో ఒకదాన్ని. ఈ చర్చ చదువుతుంటే డేవిడ్ వార్నర్ గుర్తొచ్చాడు. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్, తెలుగు పాటలకు ఇంటిల్లిపాదితో చిందులేసి మన ఇళ్ళలో మనిషైపోయినవాడు. 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ పోయింది, తరువాత ఆడే పదకొండు మందిలోనూ చోటు పోయింది, ఆ ఏడాది ముగిశాక జట్టు అతన్ని అట్టిపెట్టుకోలేదు. అప్పుడు మా ఇంట్లో ఎవరో దూరమైనట్టే అనిపించింది.

ఒక తేడా మాత్రం కనిపిస్తోంది. ఐపీఎల్‌లో ఏ ఆటగాడైనా మూడేళ్ళకొకసారి పెద్ద వేలానికి వెళ్ళవలసిందే అన్న ఎరుకతోనే మనం అభిమానిస్తాం. బెట్స్‌ను రెడ్‌సాక్స్ 2011 డ్రాఫ్ట్‌లో ఐదో రౌండులో, హైస్కూలు కుర్రాడిగా తీసుకుని, కింది స్థాయి నుంచి తీర్చిదిద్దింది. వార్నర్ మనకు వచ్చేనాటికే పేరున్న ఆటగాడు. కళ్ళముందు ఎదిగినవాణ్ణి పంపించడం వేరు. ఒక సందేహం: బదిలీ కావడం ఇష్టం లేదని చెప్పే హక్కు అక్కడి ఆటగాడికి లేదా?

లెక్కలమాస్టారు:
కృష్ణవేణి గారూ, ఒప్పందంలో ప్రత్యేకంగా రాయించుకుంటే ఉంటుంది. లేదా మేజర్ లీగుల్లో పదేళ్ళు పూర్తిచేసి, అందులో చివరి ఐదేళ్ళూ ఒకే జట్టుతో ఉన్నవారికి నిబంధనల ప్రకారమే వస్తుంది. బెట్స్‌కు అప్పటికి ఆరేళ్ళు కూడా నిండలేదు. ఫోన్ వచ్చింది, సామాను సర్దుకున్నాడు, అంతే.

అభిమాన ఆటగాణ్ణి పంపించడం ప్రతిసారీ తప్పేనన్న భావన ఈ చర్చలో స్థిరపడకూడదని నా కోరిక. 2004 జులై 31న ఇదే రెడ్‌సాక్స్ తన షార్ట్‌స్టాప్ నోమార్ గార్సియాపారాను చికాగో కబ్స్‌కు పంపింది. ఆనాటి బోస్టన్‌లో ఆయన ఎంతటివాడో ఇప్పటివారికి చెప్పినా నమ్మరు. ఆ నాలుగు జట్ల బేరంలో ఆర్లాండో కాబ్రెరా, డగ్ మింట్‌కేవిచ్ వచ్చారు, ఫీల్డింగ్ గట్టిపడింది, ఆ అక్టోబరులో 86 ఏళ్ళ తరువాత జట్టు ఛాంపియన్ అయింది. అదే రోజు మరో చిన్న బేరంలో డాడ్జర్స్ నుంచి డేవ్ రాబర్ట్స్ వచ్చాడు. న్యూయార్క్ యాంకీస్‌తో లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో, ఓటమి అంచున, అతను దొంగిలించిన రెండో బేస్ ఆ సిరీస్‌నే తిప్పేసింది. ఆ రాబర్ట్సే ఇప్పుడు డాడ్జర్స్ మేనేజర్‌గా బెట్స్‌ను ఆడిస్తున్నాడు.

ఇంకో ఉదాహరణ బ్యాటర్ హువాన్ సోటో. పదిహేనేళ్ళకు 44 కోట్ల డాలర్లు వద్దన్నాక, 2022 ఆగస్టు 2న వాషింగ్టన్ నేషనల్స్ అతన్ని శాన్ డియేగోకు పంపింది. బదులుగా వచ్చిన సి.జె.ఏబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్ ముగ్గురూ ఆ తరువాత ఆల్‌స్టార్ జట్టులో చోటు సంపాదించారు. ఎందుకంత ప్రతిఫలం వచ్చింది? సోటోకు ఇంకా రెండేళ్ళకు పైగా సేవాకాలం మిగిలి ఉంది. బెట్స్‌కు మిగిలింది ఒక్క ఏడాది. పంపడమే నిశ్చయమైతే ఆలస్యమైన ప్రతి నెలా ధర పడిపోతుంది. కానీ 2018లో ఛాంపియన్‌షిప్ గెలిచిన నెలలోనే ఆ జట్టులోని అత్యుత్తమ ఆటగాణ్ణి అమ్మే ధైర్యం ఎవరికుంటుంది?

ఎడమచేతివాటం:
మాస్టారు గారు అడిగిన చివరి ప్రశ్నలోనే చార్లెస్‌తీరం గారి మొదటి ప్రశ్నకు జవాబు ఉందని నాకనిపిస్తోంది. 2018-19 శీతాకాలంలో జట్టు చేసింది చూడండి. పిచ్చర్ నేథన్ ఇవాల్డీకి నాలుగేళ్ళకు 6.8 కోట్ల డాలర్లు. 2019 మార్చిలో క్రిస్ సేల్‌కు ఐదేళ్ళకు 14.5 కోట్లు, అతను ఇంకా పాత ఒప్పందంలో ఉండగానే. ఆ ఒప్పందం అమలులోకి వచ్చిన ఏడాదే సేల్ మోచేయికి శస్త్రచికిత్స జరిగింది, తరువాతి ఏళ్ళలో అతను ఆడిన మ్యాచ్‌లు తక్కువ. చివరికి 2023 డిసెంబరులో అతన్ని అట్లాంటాకు పంపాక, 2024లో అక్కడ సై యంగ్ పురస్కారం (లీగులో ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చేది) గెలిచాడు. డబ్బు లేక బెట్స్ పోలేదు. డబ్బు ఎవరి మీద ముందు పెట్టాలో ఎంచుకున్న తీరు వల్ల పోయాడు. 2020 ఫిబ్రవరికి ఎదురైన ఇరకాటమంతా ఆ నాలుగు నెలల్లో కట్టుకున్నదే.

ఆ తరువాత జరిగినవి ఒకదాని వెంట ఒకటి ఇదే గాయం నుంచి పుట్టినవి. 2020లో 24 గెలుపులు, 36 ఓటములు, విభాగంలో ఆఖరి స్థానం. 2021లో అందరినీ ఆశ్చర్యపరుస్తూ లీగ్ ఛాంపియన్‌షిప్ దాకా వెళ్ళిన మాట నిజం, ఆ ఘనత బ్లూమ్‌కు ఇవ్వాలి. 2022, 2023లలో మళ్ళీ ఆఖరి స్థానం. ఈలోగా మా షార్ట్‌స్టాప్ జాండర్ బోగార్ట్స్ శాన్ డియేగోకు వెళ్ళిపోయాడు. అభిమానుల ఆగ్రహం మిన్నంటిన ఆ శీతాకాలంలో, 2023 జనవరిలో, మూడో బేస్ ఆటగాడు రఫాయెల్ డెవర్స్‌తో 31.35 కోట్ల డాలర్ల దీర్ఘకాలిక ఒప్పందం కుదిరింది. ఇక ఈ ఒక్కడైనా మనవాడని ఊపిరి పీల్చుకున్నాం. 2025లో అలెక్స్ బ్రెగ్మన్ రాకతో అతని మూడో బేస్ పోయింది, తరువాత మొదటి బేస్ ఆడమంటే ఒప్పుకోలేదు, మాటలు చెడ్డాయి. జూన్ 15న, యాంకీస్‌ను మూడు మ్యాచ్‌లలోనూ ఓడించిన ఆదివారం సాయంత్రమే, అతన్ని శాన్ ఫ్రాన్సిస్కోకు పంపేశారు. 2018 జట్టు గుండెకాయలాంటి ముగ్గురూ అలా మూడు దారుల్లో పోయారు.

వచ్చిన ముగ్గురి గురించి కూడా న్యాయంగా మాట్లాడుకోవాలి. వెర్డూగో మొదటి ఏడాది 0.308 సగటుతో బాగా ఆడాడు. అతను చేసిన నేరమల్లా బెట్స్ కాకపోవడమే, ఆ పోలిక కింద నాలుగేళ్ళు ఆడడం ఏ మనిషికైనా కష్టం. డౌన్స్ మేజర్ లీగుల్లో నిలదొక్కుకోలేదు, 2022 చివర జట్టు అతన్ని వదిలేసింది, వాషింగ్టన్ తీసుకుంది. కానర్ వాంగ్ మాత్రం క్యాచర్‌గా మిగిలాడు.

పసిఫిక్‌వైపు:
మా వైపు నుంచి కూడా ఒక మాట. 2025లో బెట్స్ సగటు 0.258కి తగ్గింది. అతనికి 33 ఏళ్ళు, ఒప్పందం ఇంకా చాలా ఏళ్ళు ఉంది. రైట్ ఫీల్డ్‌లో స్థిరపడ్డ మనిషి ఆ వయసులో షార్ట్‌స్టాప్ నేర్చుకుని సీజనంతా ఆడడం నేను ఎక్కడా చూడలేదు. అయినా చివరి ఏళ్ళలో మాకు ఆ జీతం బరువు కావచ్చు. అప్పుడు కూడా ఆ సంతకాన్ని నేను తప్పుపట్టను, మూడు ఛాంపియన్‌షిప్‌లు ఇప్పటికే ఇంటికొచ్చాయి.

లెక్కలమాస్టారు:
వెర్డూగో కథ అక్కడితో ముగియలేదు. 2023 డిసెంబరులో అతన్ని యాంకీస్‌కు పంపితే గ్రెగ్ వైసర్ట్, రిచర్డ్ ఫిట్స్, మరొక పిచ్చర్ వచ్చారు. 2025 నవంబరులో ఫిట్స్‌ను, ఇంకో కుర్రాణ్ణి సెయింట్ లూయిస్‌కు ఇచ్చి పిచ్చర్ సన్నీ గ్రేను తెచ్చుకున్నారు. బెట్స్ పుట్టిన నాష్‌విల్‌లోనే గ్రే కూడా పుట్టాడు. బెట్స్ బేరం నుంచి మొలిచిన ఆ కొమ్మ ఇంకా ఎండిపోలేదు.

ఎడమచేతివాటం గారి మాట గురించి నిన్నంతా ఆలోచించాను. 2020 ఫిబ్రవరిని మాత్రమే సమర్థిస్తూ వచ్చాను, 2019 మార్చిని సమర్థించడానికి నా దగ్గర లెక్క లేదు. భుజం నొప్పితో ముందు సీజన్ చివర్లో మ్యాచ్‌లు తప్పిన ముప్పై ఏళ్ళ పిచ్చర్‌కు తొందరపడి ఐదేళ్ళు రాసిచ్చి, 26 ఏళ్ళ బెట్స్ దగ్గర మాత్రం బేరాన్ని సాగదీశారు. నా పాత అభిప్రాయంలో ఆ మేరకు మార్పు చేసుకుంటున్నాను. ప్రైస్‌ను జతచేయడం గురించి చార్లెస్‌తీరం గారు చెప్పినదానితోనూ ఏకీభవిస్తున్నాను. పంపక తప్పదనుకున్నా, ఆ రెంటినీ విడివిడిగా చూడవలసింది.

పచ్చగోడ:
2023 ఆగస్టులో బెట్స్ డాడ్జర్స్ చొక్కాతో తొలిసారి ఫెన్వేకు వచ్చినప్పుడు మా పెద్దవాడితో వెళ్ళాను. వాడికి అప్పటికి పదకొండేళ్ళు. వాడు వేసుకున్నది వెనక 50 అంకె ఉన్న పాత రెడ్‌సాక్స్ చొక్కా, అప్పటికే భుజాల దగ్గర బిగుసుకుపోతోంది. మా ముందు వరుసలో ఒక పెద్దావిడ అదే అంకెతో నీలిరంగు డాడ్జర్స్ చొక్కా వేసుకుని వచ్చారు, ఆమె తలమీద టోపీ మాత్రం బోస్టన్‌ది. బెట్స్ బ్యాటింగ్‌కు వస్తుంటే మైదానమంతా లేచింది. అతను హెల్మెట్ తీసి నాలుగు వైపులా తిరిగి చూపించాడు. చప్పట్లు ఆగకపోవడంతో పిచ్చర్ కూడా కాసేపు ఆగాడు. ఆ సిరీస్ చివరి మ్యాచ్‌లో అతను హోమ్ రన్ కొట్టి మమ్మల్ని ఓడించాడు కూడా.

"మనమే అతన్ని పంపించాం కదా నాన్నా, మరి ఇప్పుడు ఎందుకు చప్పట్లు కొడుతున్నాం?" అని వాడు అడిగాడు. పంపింది మనం కాదురా అన్నాను. అప్పటికి నాకు తోచిన జవాబు అదే, ఇప్పటికీ అంతకంటే మంచిది దొరకలేదు.

ఆ చొక్కా ఇప్పుడు వాడికి పట్టడం లేదు. పోయిన వేసవి నుంచి చిన్నవాడు వేసుకుంటున్నాడు. బెట్స్ బోస్టన్‌లో ఆడిన రోజులు వాడికి తెలియవు, వీడియోల్లో చూశాడు. ఆ పదమూడు బంతుల వీడియో అయితే ఎన్నిసార్లు పెట్టమంటాడో చెప్పలేను.